యరఖాన్ నుండి అన్నభేది వరకు: ఆకు పసుపుబారే తెగులు కథ

అరబీ వ్యవసాయ గ్రంథాలను తెలుగు చేయబూనిన వారిని రాజుల పేర్లు, ఊళ్ళ పేర్లు అంతగా చిక్కు పెట్టవు. చిక్కు పెట్టేవి చిన్న మాటలు. అటువంటి మాటల్లో ‘యరఖాన్’ ఒకటి. ఉర్దూ తెలిసిన ప్రతి ఇంటిలోనూ ఈ మాటకు అర్థం కామెర్లు. కాని హిజ్రీ 711లో (క్రీ.శ. 1311) మరణించిన ఇబ్ను మన్‌జూర్ తన ‘లిసానుల్ అరబ్’ నిఘంటువులో దీనికి రెండు అర్థాలు చూపారు. ఒకటి మనుషులకు వచ్చే వ్యాధి, రెండవది పైరుకు పట్టే తెగులు. కన్నూ ఒళ్ళూ పచ్చబడిన రోగికీ, ఆకు పసుపుబారిన మొక్కకూ అరబ్బులు ఒకే పేరు పెట్టారన్నమాట.

కొన్నేళ్ళ క్రితం ఒక వ్యవసాయ గ్రంథంలోని తెగుళ్ళ భాగాన్ని తెలుగు చేస్తూ, మొక్కల యరఖాన్ వచ్చిన చోట నేను ‘ఇనుపధాతు లోపం’ అని వ్రాశాను. అప్పుడు నాకది ఎంతో తెలివైన అనువాదంగా తోచింది. ఆకు పసుపుబారడానికి ఇనుము లోపం కారణమని నేటి శాస్త్రం చెబుతున్నది. కాబట్టి మన పూర్వులు ఎనిమిది వందల ఏళ్ళ క్రితమే ఆ సంగతి ఎరుగుదురని పాఠకులు సంతోషిస్తారని అనుకున్నాను. ఆ మాట తప్పని నాకు తెలియజెప్పినది ఏ గ్రంథాలయమూ కాదు, పాలకొల్లు దగ్గరి ఒక ఆకుమడి. ఆ తప్పు ఎటువంటిదో చెప్పడానికి ఈ తెగులు చరిత్రను మొదటినుండీ చూడవలసి ఉన్నది.

అండలూసియా పండితులు ఎంతవరకు చూశారు?

అరబీలో వ్యవసాయ శాస్త్రానికి ‘ఫిలాహత్’ అని పేరు. హిజ్రీ 3, 4 శతాబ్దాల సంధిలో ఇరాఖ్‌లో ఇబ్ను వహ్‌షియ్యా ‘అల్ ఫిలాహతున్ నబతియ్యా’ అనే పెద్ద గ్రంథాన్ని అరబీలోకి తెచ్చారు. తరువాత ఈ విద్య అండలూసియాలో బాగా వికసించింది. క్రీ.శ. 11వ శతాబ్దంలో తులైతులా (టొలీడో) నగరపు ఇబ్ను బస్సాల్ నేలలను పది రకాలుగా విభజించి, ఏ నేలకు ఏ ఎరువు, ఏ నేలకు ఎంత నీరు అన్నది తన అనుభవం మీద వ్రాశారు. ఆ మరుసటి శతాబ్దంలో ఇష్‌బీలియా (సెవిల్) వాసి అబూ జకరియ్యా యహ్యా ఇబ్నుల్ అవ్వామ్ ఆ జ్ఞానాన్నంతా ఒకచోట చేర్చి ‘కితాబుల్ ఫిలాహా’ రచించారు. దానిలో 585 మొక్కల ప్రస్తావన ఉన్నదనీ, యాభైకి పైగా పండ్లచెట్ల పెంపకం వివరించబడినదనీ పండితులు లెక్క తేల్చారు. చెట్లకూ కూరమొక్కలకూ వచ్చే తెగుళ్ళ చికిత్సకు ఒక అధ్యాయమే కేటాయించబడినది. ఈ గ్రంథాన్ని బాంకేరీ 1802లో మద్రిద్ నగరంలో అరబీ మూలంతో సహా స్పానిష్ భాషలో ప్రకటించారు. 1864 – 67 మధ్య క్లెమెంట్ ములే ఫ్రెంచి అనువాదం వెలువడింది. ఉర్దూలోకి కూడ ఇది వచ్చింది.

ఇబ్నుల్ అవ్వామ్ పద్ధతి గమనింపదగినది. ఇతరుల మాటను ఇతరుల పేరనే చెబుతారు. తన మాట చెప్పవలసి వచ్చినప్పుడు, పలుమార్లు చేసి చూడనిదే దేనినీ వ్రాయలేదని ముందుగానే చెప్పుకున్నారు. ఇష్‌బీలియా పడమట ‘అల్ షరఫ్’ అనే మెట్ట ప్రాంతంలో ఆయన సేద్యపు అనుభవాలు గడించారు. ఎరువుల గురించి, మన్ను మార్చడం గురించి, వేళ్ళ చుట్టూ త్రవ్వి గాలి తగిలించడం గురించి ఈ సంప్రదాయంలోని వారు చెప్పిన మాటలు నేటికీ నిలుస్తాయి.

అయితే వారి దృష్టిలో చెట్టు పసుపుబారడానికి కారణాలు ఏమిటి? నీరు ఎక్కువ కావడం, తక్కువ కావడం, నేల ఉప్పన కావడం, వేడి చలువల సమతూకం తప్పడం. మనిషి శరీరానికి యూనానీ వైద్యం చెప్పే కారణాలనే చెట్టుకూ చెప్పారు. ఇందులో ఇనుము లేదు. ఉండే అవకాశమూ లేదు. నేలలో ఉండే ధాతువు ఆకులోకి వెళ్ళి పచ్చదనాన్ని తయారుచేస్తుందన్న ఊహ రావడానికి ముందు, ధాతువు అంటే ఏమిటో, ఆకు తన ఆహారాన్ని ఎలా చేసుకుంటుందో తెలియాలి. ఆ తెలివిడి ప్రపంచంలో ఎవరికైనా 18వ శతాబ్దం చివరగాని రాలేదు.

చేతిలోనే ఉన్న మందు

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. మొక్కల ఈ జబ్బుకు మందు అయిన పదార్థం మాత్రం మన పూర్వులకు బాగా పరిచితమే. దానినే తెలుగులో అన్నభేది అంటాము, ఉర్దూలో హీరాకసీస్ అంటారు. ఇనుము, గంధకామ్లం కలిసిన ఆకుపచ్చని స్ఫటికాలు అవి. అరబీలో ఈ జాతి లవణాలన్నిటికీ ‘జాజ్’ అని పేరు. హిజ్రీ 313లో (క్రీ.శ. 925) మరణించినట్లు చెప్పబడే అబూబక్ర్ రాజీ తన రసాయన గ్రంథంలో ఖనిజాలను వర్గాలుగా విభజించి, జాజ్‌లను ఒక ప్రత్యేక వర్గంగా నిలిపారు.

ఆ జాజ్ లేనిదే మన గ్రంథాలే లేవు. అన్నభేదినీ మాచికాయ కషాయాన్నీ కలిపితే చిక్కని నల్ల సిరా వస్తుంది. అరబీ వ్రాతప్రతులు లెక్కలేనన్ని ఈ సిరాతోనే వ్రాయబడినవి. మన కోస్తాలో బందరు కలంకారీ పనివారి నలుపు రంగు కూడ ఈ తరగతిదే. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టి, ఆ ద్రవాన్ని కరక్కాయ పట్టించిన బట్ట మీద అద్దుతారు. గట్టి ఇనుము బట్టకు అంటదు. పులుపులో కరగిన ఇనుమే అంటుతుంది. ఈ సంగతి కుతుబ్‌షాహీల కాలం నుండి ఈ తీరంలోని పనివారి చేతులకు తెలుసు. పాఠకులు దీనిని మనసులో ఉంచుకోగోరుతాను. మన కథకు ఇదే కీలకం.

వైద్యంలోనూ ఇనుము ఉన్నది. యూనానీ హకీములు ఇనుప చిట్టెమును శుద్ధిచేసి ‘ఖబసుల్ హదీద్’ పేర మాజూన్‌లలో వాడారు. ఆయుర్వేద వైద్యులు అదే చిట్టెమును మండూర భస్మంగా పాండురోగానికి ఇచ్చారు. అంటే పాలిపోయిన మనిషికి ఇనుము ఇవ్వాలన్న అనుభవం ఉన్నది. పాలిపోయిన మనిషికీ పసుపుబారిన మొక్కకూ పోలిక చూసే భాష ఉన్నది. కరగిన ఇనుము సిరాబుడ్డిలో ఉన్నది. అరబీలో ‘వరఖ్’ అంటే చెట్టు ఆకు, కాగితము కూడ. మనకూ తాటాకు మీది వ్రాత ఆకే. కాగితపు ఆకు మీద కొన్ని వందల ఏళ్ళు నిలిచిన ఆ ద్రవాన్ని చెట్టు ఆకు మీద చల్లి చూసి, ఫలితాన్ని లోకానికి వెల్లడించడం మాత్రం చాల ఆలస్యంగా జరిగింది.

ఫ్రాన్సులో తేలిన సంగతి

ఆ పని చేసినవాడు యూసెబ్ గ్రీ అనే ఫ్రెంచి రసాయనజ్ఞుడు. ఆ రోజుల్లో యూరపులో పాలిపోయి నీరసించే యువతుల జబ్బును ‘క్లోరోసిస్’ అనేవారు. 1830 దశకం మొదట్లో బ్లో అనే ఫ్రెంచి వైద్యుడు దానికి ఇనుప లవణపు మాత్రలు ఇచ్చి పేరు పొందాడు. పసుపుబారిన మొక్కల జబ్బుకూ క్లోరోసిస్ అనే పేరే వాడుకలో ఉన్నది. మనుషుల రోగం పేరు మొక్కలకు పెట్టడం అరబ్బులకే పరిమితం కాదని దీనినిబట్టి తెలుస్తున్నది. 1843లో గ్రీ ఇనుప లవణాల ద్రావణాన్ని అటువంటి మొక్కల వేళ్ళకు పోశాడు, తరువాత ఆకులకూ పూసి చూశాడు. ఆకులు తిరిగి పచ్చబడ్డాయి. 1857లో ఆయన కుమారుడు ఆర్థర్ గ్రీ సూక్ష్మదర్శినితో చూసి, ఇనుము అందిన ఆకులలో పచ్చని రేణువులు మరల సరిగా ఏర్పడుతున్నాయని తెలిపాడు. 1860 ప్రాంతంలో జర్మనీలో సాక్స్ మొక్కలను మన్ను లేకుండా లవణాలు కలిపిన నీటిలో పెంచి, ఇనుము లేనిదే మొక్కకు పచ్చదనం లేదని నిర్ధారించాడు.

కాని కథ అక్కడితో ముగియలేదు. 19వ శతాబ్దం చివరి భాగంలో ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సులోని ద్రాక్షతోటలను నాశనం చేసింది. ఆ పురుగుకు తట్టుకొనే అమెరికా ద్రాక్ష వేరుమొక్కలు తెచ్చి, వాటి మీద తమ ద్రాక్షను అంటుకట్టారు. సున్నపు నేలల్లో ఈ కొత్త తోటలు పసుపుబారిపోయాయి. అదే నేలలో పాత ఫ్రెంచి ద్రాక్ష పచ్చగా పెరిగింది గదా! నేలలో ఇనుము లేకపోతే పాత ద్రాక్ష ఎలా పెరిగింది? 1887లో ఫ్రెంచి ప్రభుత్వం పియెర్ వియాలా అనే శాస్త్రజ్ఞుని అమెరికా పంపింది. టెక్సాస్ సున్నపు నేలల్లో సహజంగా పెరిగే ఒక అడవి ద్రాక్ష జాతి వలన ఆ చిక్కు తీరింది. అంటే జబ్బు నేలలో ఇనుము లేకపోవడం వలన రాలేదు. ఉన్న ఇనుమును తీసుకోగల వేరు లేకపోవడం వలన వచ్చింది.

పాలకొల్లు ఆకుమడి చెప్పిన పాఠం

ఇక మన ఊరి సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుండి పాలకొల్లు చుట్టుపట్ల వరిసేద్యమంతా కాలువ నీటి మీద ఆధారపడి ఉన్నది. ఒక సార్వాకు కాలువ నీరు ఆలస్యమయింది. నాకు పరిచయమున్న ఒక పెద్ద రైతు ఆకుమడిని పొడి దుక్కిలోనే చల్లారు. మొలక బాగానే వచ్చింది. కొన్ని రోజులకు లేత ఆకులు పసుపుబారి, తరువాత కాగితంలా తెల్లబడసాగాయి. ఇది ఇనుపధాతు లోపమనీ, అన్నభేది చల్లాలనీ తెలిసినవారు చెప్పారు. ఆయన అన్నభేది తెచ్చేలోగా కాలువకు నీరు వచ్చింది. మడిలో నీరు నిలిచింది. వారం పది రోజుల్లో ఆకు దానంతట అదే పచ్చబడింది.

నేను నా అనువాదం సంగతి చెప్పినప్పుడు ఆయన నవ్వి, “ఇనుము లేకపోవడమేమిటండీ సాయిబుగారూ! నేనేమీ వెయ్యకుండానే పచ్చబడింది గదండీ. ఇనుము మడిలోనే ఉందన్నమాట. దానికి అందలేదంతే” అన్నారు. ఆ పిమ్మట, “మీ అరబ్బు పుస్తకంలో ఈ సంగతి ఉందాండీ?” అని అడిగారు. పసుపుబారడం ఉన్నది, ఇనుము సంగతి లేదు అని ఒప్పుకోక తప్పలేదు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. భూమి పైపొర బరువులో సుమారు 5 శాతం ఇనుమే. మొక్కకు కావలసినది అతి స్వల్పం. కాని గాలి తగిలే పొడి నేలలో ఇనుము తుప్పు రూపంలో ఉంటుంది. తుప్పు నీటిలో కరగదు. నేల క్షారగుణం పెరిగినకొద్దీ ఇది మరీ బిగుసుకుంటుంది. నేల ఉదజని సూచిక ఒక్క అంకె పెరిగితే ఈ రూపంలోని ఇనుము కరగడం ఇంచుమించు వెయ్యి రెట్లు తగ్గుతుంది. అందుకే సున్నపు నేలల్లో, చౌడు నేలల్లో ఈ జబ్బు ఎక్కువ. మడిలో నీరు నిలిచినప్పుడు మట్టిలోనికి గాలి అందదు. అప్పుడు సూక్ష్మజీవుల చర్య వలన తుప్పు ఇనుము, కరిగే ఇనుముగా మారుతుంది. శ్రీలంకకు చెందిన పొన్నంపెరుమ, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేస్తూ, నీట మునిగిన నేలల ఈ రసాయన మార్పులను 1972లో ఒక పెద్ద వ్యాసంలో సమగ్రంగా వివరించారు. జపానులో తకాగి అనే శాస్త్రజ్ఞుడు 1976లో మరొక వింత తెలిపాడు. గడ్డిజాతి పైర్ల వేళ్ళు ఒక విధమైన ఆమ్లాన్ని స్రవించి, తుప్పు ఇనుమును కరగించి లోపలికి తీసుకుంటాయట. ఈ శక్తి బార్లీకి మెండు, వరికి తక్కువ. అందుచేతనే పొడి మడిలో వరి తొందరగా తెల్లబోతుంది.

బందరు పనివాని బెల్లపు పులుపు, బార్లీ వేరు స్రవించే ఆమ్లం చేసే పని ఒక్కటే. గట్టి ఇనుమును కరగే ఇనుముగా మార్చడమే అది.

చికిత్స విషయంలో జాగ్రత్తలు

పెరటి మొక్కలు పెంచే పాఠకులకు కూడ పనికివస్తుంది కనుక, చికిత్స గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదట జబ్బును గుర్తించాలి. ఇనుము మొక్కలో ఒక ఆకు నుండి మరొక ఆకుకు సులభంగా కదలదు. కనుక లోపం చిగురులోనే కనబడుతుంది. లేత ఆకులో ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపుబారుతుంది. ముదిరితే ఆకంతా తెల్లబోతుంది. ముదురు ఆకులు ముందుగా పసుపుబారితే అది నత్రజని లోపం కావచ్చు. నాటిన కొన్ని వారాలకు వరి ముదురు ఆకుల మీద తుప్పురంగు మచ్చలు వస్తే జింకు లోపాన్ని అనుమానించాలి. సందేహమున్నచోట అన్నభేది పలుచని ద్రావణాన్ని ఒక లేత ఆకులో సగభాగానికి పూసి కొన్ని రోజులు ఆగాలి. పూసిన మేర పచ్చబడితే సందేహం తీరినట్లే. ఇది గ్రీ చేసిన పరీక్షే.

పైరుకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వారం ఎడంగా రెండు మూడు సార్లు ఆకు తడిసేలా సాయంత్రం వేళ చల్లాలని వ్యవసాయ శాఖవారు చెబుతారు. నిమ్మ ఉప్పు వేయడం దేనికంటే, అన్నభేది నీటిలో కలిపిన కొద్దిసేపటికే గాలి తగిలి తుప్పుగా మారసాగుతుంది. పులుపు దానిని ఆపుతుంది. కనుక ద్రావణాన్ని ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. గోధుమరంగు తిరిగినది పనికిరాదు. నిలవ ఉండి పసుపు పొడిగా మారిన అన్నభేది కూడ అంతే. సున్నపు నేలలో దానిని నేరుగా మట్టిలో వేస్తే చాలవరకు తుప్పయి వృథా అవుతుంది.

ఈ ఇబ్బందికి విరుగుడుగా వచ్చినవే చీలేట్లు. ఎండ్రకాయ తన ముందు కాళ్ళతో ఎరను కరచిపట్టినట్లు ఇవి ఇనుమును పట్టుకొని తుప్పు కానివ్వవు. గ్రీకులో ఎండ్రకాయ పట్టుకు ఉన్న పేరు నుండే ఈ మాట వచ్చింది. అమెరికాలోని ఫ్లోరిడాలో స్టువర్ట్, లెనార్డ్ అనే శాస్త్రజ్ఞులు నిమ్మజాతి తోటల మీద వీటిని ప్రయోగించి 1952లో ఫలితాలు ప్రకటించారు. వీటిలోనూ భేదాలున్నాయి. ఇ.డి.టి.ఎ. రకం సున్నపు మట్టిలో పట్టు విడుస్తుంది. అటువంటి నేలకు ఇ.డి.డి.హెచ్.ఎ. రకం నిలుస్తుంది. ధర ఎక్కువ.

పెరటిలోని నిమ్మ, గులాబి, మందార చిగురు పసుపుబారితే మందుకు ముందు మట్టి చూడాలి. ఇల్లు కట్టినప్పటి సున్నం, సిమెంటు పెళ్ళలు పాదులో కలిశాయేమో, కుండీ అడుగున నీరు నిలిచి వేరు కుళ్ళుతున్నదేమో గమనించాలి. బాగా చివికిన పశువుల ఎరువు వేస్తే అది తానే ఇనుమును పట్టి ఉంచి వేరుకు అందిస్తుంది. ఇబ్ను బస్సాల్ చెప్పిన చివికిన ఎరువు ఈ విధంగా కూడ మేలు చేసి ఉంటుంది. ఆయనకు కారణం తెలియకపోవచ్చు, ఫలితం తెలుసు. ఒక హెచ్చరిక కూడ అవసరం. నీరు నిలిచే కొన్ని ఆమ్ల నేలల్లో ఇనుము ఎక్కువయి వరి ఆకు కంచురంగు తిరుగుతుంది. అక్కడ అన్నభేది చల్లడం రోగికి విషమివ్వడమే.

అనువాదకుని బాధ్యత

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. మన సభల్లో తరచుగా ఒక మాట వినబడుతుంది. నేటి శాస్త్రం చెప్పినదంతా మన పూర్వులు ముందే చెప్పారని. ఈ మాట అభిమానంతో చెప్పేదే గాని, పూర్వులకు గౌరవం తెచ్చేది కాదు. దివ్యఖుర్ఆన్‌లో ‘హదీద్’ పేరిట ఒక సూరాయే ఉన్నది. ఇనుములో ప్రజలకు లాభాలున్నాయన్న ప్రస్తావన 25వ ఆయతులో వస్తుంది. ఆ లాభాలను పరిశోధించి తెలుసుకునే పని మనిషికి వదలబడింది. మదీనాలో ఖర్జూర చెట్ల పరాగ సంపర్కం గురించి దైవప్రవక్త (సల్లం) ఒక అభిప్రాయం చెప్పగా, రైతులు ఆ పని మానివేస్తే పంట తగ్గిందనీ, అప్పుడాయన ఇటువంటి ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసునని వారితో అన్నారనీ ‘సహీహ్ ముస్లిం’లో ఉన్నది. సేద్యంలో చేసి చూసినవాని మాటకు అంతటి విలువ ఇచ్చిన సంప్రదాయం మనది. చేసి చూడనిదే వ్రాయనన్న ఇబ్నుల్ అవ్వామ్ నోట ఆయన చేసి చూడని మాటను పెట్టడం ఆయనకు అన్యాయం.

సరియైన పద్ధతికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉన్నది. 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనే అనే శాస్త్రజ్ఞుడు వరికి వచ్చే ‘ఖైరా’ జబ్బు జింకు లోపమని తేల్చారు. అంతవరకు అది ఏదో తెగులని అనుకునేవారు. తరువాత ఆయనే సికింద్రాబాదులో ఆసియా వ్యవసాయ చరిత్ర ప్రతిష్ఠానాన్ని స్థాపించారు. దారా షికోహ్ పేర చెలామణి అయిన ‘నుస్ఖా దర్ ఫన్నె ఫలాహత్’ అనే పారశీ వ్యవసాయ గ్రంథాన్ని రజియా అక్బర్ ఇంగ్లీషులోకి అనువదించగా, ఆ ప్రతిష్ఠానం 2000లో ప్రచురించింది. ధాతులోపాన్ని కనిపెట్టడం ఒక పని, పాత గ్రంథాన్ని వెలుగులోకి తేవడం మరొక పని. రెండూ ఆయన జీవితంలో పక్కపక్కనే సాగాయి.

పూర్వులకు తెలియనిది తెలియదని ఒప్పుకుంటే వారు చిన్నవారు కారు. ఖుర్తుబా (కొర్డోవా) విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు అండలూసియా సున్నపు నేలల్లో పసుపుబారే ఆలివ్ చెట్ల వేళ్ళ దగ్గర వివియనైటు అనే ఇనుప ఫాస్ఫేటును ఎక్కించి, ఆ ఫలితాలను ఇటీవలి దశాబ్దాలలో ప్రకటించారు. ఇబ్నుల్ అవ్వామ్ వ్రాసిన ప్రాంతమే అది, ఆయన ఎరిగిన ఆలివే అది. ఆయన చూసిన పసుపు ఆకులలో కొన్ని ఈ జబ్బువే అయి ఉండవచ్చు. కాని ‘యరఖాన్’ అని ఆయన కాలం వారు అన్నప్పుడు అందులో పురుగు వలన వచ్చినది, నీరు ఎక్కువై వచ్చినది, ఎరువు చాలక వచ్చినది అన్నీ కలిసి ఉన్నాయి. వాటన్నిటినీ చెరిపి ఒక్క ఇనుమును నిలబెడితే నేటి రైతు తప్పు మందు వేస్తాడు, నాటి గ్రంథకర్త చెప్పినదేమిటో మనకు తెలియకుండా పోతుంది.

నా వ్రాతప్రతిలో ‘ఇనుపధాతు లోపం’ అన్న మాటలను కొట్టివేసి, ‘ఆకు పసుపుబారే తెగులు (యరఖాన్)’ అని వ్రాసుకున్నాను. ఆ మార్పు పాలకొల్లు పెద్ద రైతుకు చదివి వినిపించాను. “ఇదైతే మా ఆకుమడికీ సరిపోద్దండి” అన్నారు.